పరదేశపు పసివారికి మన బడిపిల్లల చందా

మదనపల్లె, పుంగనూరు, కుప్పము - ఈ మూడు ఊళ్ళ ఉపాధ్యాయులు కొందరు మాకు వేర్వేరుగా వ్రాసిన ఉత్తరములలో ఒకే ప్రశ్న కనబడినది. యుద్ధముల వలన, కరవుల వలన, భూకంపముల వలన ఇక్కట్ల పాలైన పరదేశపు పిల్లలను గూర్చి తమ విద్యార్థులు వార్తలలో వినుచున్నారనియు, వారికి ఏదైన పంపవలెనని కోరుచున్నారనియు, అయితే ఆ పని ఎక్కడ మొదలుపెట్టవలెనో, ఎక్కడ ముగించవలెనో తమకు తెలియుటలేదనియు వారు వ్రాసిరి. ఉత్తరములకు విడివిడిగా బదులు వ్రాయుటకంటె, ఆ మూడు ఊళ్ళకు పోయి, అక్కడి పిల్లలతోను పెద్దలతోను మాటలాడి, పిదప మైకు ముందర కూర్చుండుట మేలని తలంచితిమి. ఈ ప్రసంగము ఆ ప్రయాణపు ఫలము.

కుప్పములో ఎనిమిదవ తరగతి బాలుడొకడు మేము నోరు విప్పకముందే లేచి నిలుచుండెను. “సార్, మన ఊర్లోనే లేనోళ్ళు ఉండారు గదా. యాడనో ఉండేవాళ్ళకు మనమెందుకియ్యాల?” అని అడిగెను. తరగతి యంతయు నవ్వినది. మాకు నవ్వు రాలేదు. పెద్దలు మనసులో ఉంచుకొని బయటకు చెప్పని మాట ఆ పిల్లవాడు చెప్పినాడు. చందా డబ్బా బల్లమీద పెట్టకముందే దీనికి సమాధానము చెప్పి తీరవలెను. చెప్పకుండ వసూలు చేసిన రూపాయి, పిల్లవాడు మాస్టరుకు భయపడి ఇచ్చిన రూపాయియే యగును.

ఆ బాలునికి మేము 1948వ సంవత్సరపు ముచ్చట యొకటి చెప్పితిమి. దేశమునకు స్వాతంత్ర్యము వచ్చి ఏడాది దాటినది. విభజన వలన ఇల్లు వాకిలి విడిచి వచ్చిన లక్షలాది జనులు ఇంకను నిలదొక్కుకొనలేదు. బియ్యమునకు రేషను, బట్టకు కరవు. మన పిల్లలకే లేదనుటకు అంతకంటె తగిన సంవత్సరము దొరకదు. అట్టి ఏట, నవంబరు 5వ తేదీన, మన దేశమున ‘పూల దినము’ అను పేర ఒక ఉత్సవము జరిగినది. నేటి భారత శిశు సంక్షేమ మండలికి పూర్వరూపమైన సంస్థ పూల టోకెన్లను అమ్మించి, వచ్చిన సొమ్మును ఐక్యరాజ్యసమితివారి ‘బాలల కొరకు విజ్ఞప్తి’ నిధికి జమచేసినది. ఆ విజ్ఞప్తికి మూలమైన ఆలోచన నార్వే దేశీయుడొకనిది. ప్రపంచములోని ప్రతివాడును తన ఒక్క దినపు సంపాదనను పిల్లలకై విడిచిపెట్టవలెనని ఆయన కోరెను. రెండవ ప్రపంచయుద్ధము ముగిసి మూడేండ్లయినను ఐరోపాలో లక్షలాది పిల్లలు అర్ధాకలితో నుండిన కాలమది.

ఆ పూల దినమే మన బాలల దినోత్సవమునకు తొలిమెట్టు. మరుసటి యేడు, 1949 జూలై 30న, బాలల దినమును దేశమంతట జరిపి రేడియోలోను, పత్రికలలోను, సినిమాలలోను ప్రచారము చేసిరి. 1951లో వి. ఎమ్. కులకర్ణి యనువారు ఇంగ్లాండులో పిల్లల నిధికై జెండాలమ్ముట చూచి, ఇచట నెహ్రూగారి పుట్టినరోజును అట్లే వినియోగింపవచ్చునని సూచించిరి. 1954లో ఢిల్లీలోని క్రీడా ప్రాంగణమున యాభైవేలకు పైగా పిల్లలు కూడిరి. 1957లో నవంబరు 14 ప్రభుత్వపు ఉత్తరువుచేత ఖాయమైనది. ఆనాటినుండి మనము ఆ దినమున మిఠాయిలు పంచుచున్నాము, పిల్లలచేత నెహ్రూ వేషము వేయించుచున్నాము. ఆ ఉత్సవము పరదేశపు పిల్లలకై ఎత్తిన చందాతో మొదలైనదను మాట మాత్రము మరచినాము. ఇరువదేండ్లుగా బాలల దినోత్సవమున ఉపన్యసించుచున్న ప్రధానోపాధ్యాయుడొకరు ఈ సంగతి మా నోట విని, “ఇన్నాళ్ళు చెప్పినదంతా సగమే చెప్పినానన్నమాట!” అనిరి.

ఇది ఇచ్చిన కథ. పుచ్చుకొన్న కథ మదనపల్లెలోనే కలదు. ఊరికి కొద్ది దూరములోని ఆరోగ్యవరమును ఎరుగనివారు ఆ ప్రాంతమున లేరు. 1915లో అక్కడ క్షయరోగుల కొరకు ఆస్పత్రి తెరచిరి. పలుదేశముల క్రైస్తవ సంఘములు కలసి దానిని పోషించెను. డెన్మార్కు నుండి వచ్చిన డాక్టరు ఫ్రిమోట్ మోలర్ దానికి తొలి అధికారి. క్షయకు సరియైన మందు లేని ఆ దినములలో తెలుగుదేశపు నాలుగు మూలలనుండియు, అరవదేశమునుండియు రోగులు ఆ కొండగాలిని నమ్ముకొని వచ్చెడివారు. మన దేశమున బి.సి.జి. టీకాను తొలిసారిగా వేసిన చోట్లలో మదనపల్లె ఒకటి. అది 1948లోనే. పూల టోకెన్లు అమ్మిన యేడే! పిమ్మట డెన్మార్కు, నార్వే, స్వీడను దేశముల సహాయసంఘములును, యునిసెఫ్ అను బాలల సహాయ సంస్థయు చేయి కలిపి ఆ టీకాను మన దేశమంతట వ్యాపింపజేయుటకు తోడ్పడెను. ఆనాడు జబ్బచాచి టీకా వేయించుకొన్న మదనపల్లె పిల్లలకు డెన్మార్కు ఎక్కడనున్నదో తెలిసియుండదు. డెన్మార్కు పౌరులకును మదనపల్లె తెలియదు.

పుంగనూరులో మరియొకటి విన్నాము. ఆ ఊరి పేరు చెప్పగానే ఎవరికైనను జ్ఞప్తికి వచ్చునది మూడడుగుల పొట్టి ఆవు, దాని చిక్కని పాలు. అట్టి ఊరిలో, డెబ్బది దాటిన తాతగారొకరు తాము బడిలో చదువునపుడు త్రాగిన పాలపొడి పాల రుచిని మాకు వర్ణించిరి. 1960ల దశకమున కేర్ అను అమెరికా సంస్థ పంపిన పాలపొడియు, గోధుమనూకయు మన బడులలో మధ్యాహ్నము పిల్లలకు పెట్టిరి. “వాసన మాకు సరిపడేది కాదు నాయనా. అయినా గ్లాసు ఖాళీ చేసేవాళ్ళము. ఆకలి గదా!” అని ఆయన నవ్విరి. ఆ కేర్ సంస్థయు 1945లో ఐరోపాలోని యుద్ధబాధితులకు మూటలు పంపుటకై పుట్టినదే.

కాబట్టి కుప్పము బాలునికి మేము చెప్పిన సమాధానమిది. ఇది దానము కాదు, చేబదులు. పొద్దుచాలక పక్కింటి నుండి పావు బియ్యము తెచ్చుకొన్న ఇల్లాలు, మరునాడు ఆ పక్కింటికే ఇయ్యవలెనని లేదు. ఎదురింటివారు గిన్నె పట్టుకొని వచ్చినను కొలిచి పోయును. వీధిలో గిన్నె తిరుగుచుండవలెను, అంతే.

బాలుడు తృప్తిపడలేదు. కొంతసేపు ఆలోచించి, “అయితే రెండు డబ్బాలు పెట్టండి సార్. ఒకటి మన ఊరికి, ఒకటి వాళ్ళకు. ఎవురికి ఏది ఇష్టమో దాంట్లో వేస్తారు” అనెను. దీనిపై అక్కడి ఉపాధ్యాయులలో వాదము రేగినది. రెండు డబ్బాలైనచో పరదేశపు డబ్బా ఖాళీగా మిగులునని ఒకరి భయము. మిగిలినను మిగులనిమ్మని మా అభిప్రాయము. సొంత ఊరి పిల్లవానికి చెప్పులు కొనియిచ్చినవాడు దూరపు పిల్లవానికి అన్యాయము చేసినట్లు కాదు. తనకు నచ్చినచోట ఇచ్చుట నేర్చినవానికి రెండవ డబ్బా వైపు చూపు పోవుటకు ఎన్నాళ్ళో పట్టదు. ఈ విషయమున ఆ బాలుడు మాకు గురువైనాడని ఒప్పుకొనుచున్నాము.

ఇక పిల్లలకు ఏమి చెప్పి చందా అడుగవలెనను విషయము. పేద దేశములని, అనాథబాలలని, ఎముకల గూళ్ళ బొమ్మలు చూపి కన్నీరు తెప్పించుట సులభము. ఆ కన్నీరు సాయంకాలము ఆటల గంట కొట్టువరకే. పైగా అట్టి బొమ్మలు చూచిన పిల్లలు ఆ దేశపువారిని ఎల్లకాలము చేయిచాచువారిగా తలపోయుదురు. ఒక్క దేశమును, ఒక్క అవసరమును, ఒక్క వస్తువును ఎత్తుకొని పాఠముగా చెప్పుటయే మేలు.

దీనికి చిత్తూరు సీమ పిల్లలకు సరిపోవు ఉదాహరణ యొకటి కలదు. తీవ్రమైన పోషకలోపముతో చిక్కిపోయిన పసివారికి ఆఫ్రికాలోని పలు దేశములలో నేడు ఇచ్చు ఆహారమేమో తెలియునా? వేరుసెనగ ముద్ద! మన ఊళ్ళలో శెనక్కాయలందుమే, అవియే. వేయించి నూరిన వేరుసెనగలో పాలపొడి, చక్కెర, నూనె, విటమినులు, లవణములు కలిపి చిన్న పొట్లములలో నింపుదురు. 1996లో ఫ్రాన్సు దేశపు వైద్యుడు ఆండ్రే బ్రియాండ్ కూర్చిన వంటకమిది. ఒక్కొక్క పొట్లము 92 గ్రాములు, అందులో 500 కేలరీల శక్తి. పొయ్యి అక్కరలేదు, నీరు కలుపనక్కరలేదు. దీనిలోనే ఉన్నది మర్మమంతయు. అంతకుముందు పాలపొడిని నీటిలో కలిపి ఇచ్చెడివారు. నీరు చెడ్డదైనచో ఆ పాలే పిల్లకు విరోచనములు తెచ్చి ప్రాణము మీదికి తెచ్చెడివి. అందుచేత బిడ్డను ఆస్పత్రిలోనే ఉంచవలసి వచ్చెడిది. ఈ ముద్ద పొట్లమును తల్లి ఇంటికి తీసికొనిపోయి తానే తినిపింపగలదు. 2005లో నైజరు దేశపు కరవులో దీనిని తొలిసారి పెద్ద ఎత్తున వాడి వేలాది బిడ్డలను నిలబెట్టిరి. ఒక బిడ్డ కోలుకొనుటకు ఆరు మొదలు ఎనిమిది వారములు పట్టును. అందుకు నూటయాభై పొట్లములు, అనగా ఒక్క పెట్టె, కావలెను. మన దేశమున ఇట్టి పొట్లముల వాడుకను గూర్చి వైద్యులలో భిన్నాభిప్రాయములున్న మాట నిజమే. ఇంటివంటయే చాలునని వాదించువారు కలరు. అది వేరు చర్చ.

మదనపల్లెలో ఒక ఉపాధ్యాయిని ఈ సంగతిని లెక్కల పాఠముగా మార్చిరి. తొంబదిరెండు గ్రాముల ముద్దకు ఎన్ని కాయలు కావలెను? నూటయాభై పొట్లములకు మన చేనిలో ఎంత నేల కావలెను? వానలు తప్పిన ఏట ఎంత కావలెను? పిల్లలు ఇంటికి పోయి తండ్రులను అడిగి వచ్చిరి. ఆ తండ్రులలో ఒకరు మరునాడు బడికి వచ్చి, వానలు లేని ఏడు మా చేనిలో విత్తనము కూడ తిరిగి రాలేదు, నైజరు రైతుకు వచ్చిన కష్టము నాకు తెలియదా యని చెప్పిరట. ఆ తరగతిలో నైజరు ఇక పటములోని రంగుమచ్చ కాదు.

ఇచ్చునది ధనమా, వస్తువా అను ప్రశ్న తప్పక వచ్చును. పాత బట్టలు, పాత పుస్తకములు, ఆటవస్తువులు మూటగట్టి పంపవలెనని పిల్లలకు ఉబలాటము. తల్లులకు కూడ బీరువా ఖాళీయగునను సంతోషము! ఇక్కడ మాత్రము మేము గట్టిగా వద్దని చెప్పెదము. 2004 డిసెంబరులో సునామీ వచ్చినపుడు తమిళనాడు తీరమునకు దేశము నలుమూలలనుండి లారీలతో పాత బట్టలు వచ్చిపడెను. వాటిని ఏరుటకు మనుషులు లేక, తొడుగుకొనుటకు జనులకు మనసురాక, రోడ్ల ప్రక్కన గుట్టలై తడిసి కుళ్ళినవి. ఉన్నదంతయు సముద్రముపాలైనను బెస్తవాని ఇంటి ఇల్లాలు ఇంకొకరి చినిగిన రవిక తొడుగుకొనునా? సొంత దేశములోనే ఇట్లయినపుడు, ఓడమీద, విమానముమీద పంపు పాత చొక్కా సంగతి చెప్పనక్కరలేదు. దాని వెలకంటె దానిని మోసిన కూలి ఎక్కువ. అక్కడి సుంకపు కార్యాలయములో నిలిచిపోయిన దినములు ఇంకను ఎక్కువ.

వస్తువు పంపవలసివచ్చినను, అది ప్రభుత్వముల స్థాయిలో జరుగవలసిన పని. 2022లో శ్రీలంకలో తిండికి, మందులకు కటకట వచ్చినపుడు కుప్పమునకు పొరుగుననున్న తమిళనాడు సహాయము చేయ సంకల్పించినది. ఒక రాష్ట్రము పొరుగు దేశమునకు నేరుగా పంపరాదు. ఏప్రిల్ 29న శాసనసభలో తీర్మానము చేసి కేంద్రమును అనుమతి అడుగవలసి వచ్చినది. మే 18న చెన్నై రేవునుండి తొలి ఓడ బయలుదేరెను. అందులో 9,000 టన్నుల బియ్యము, 200 టన్నుల పాలపొడి, 24 టన్నుల మందులు ఉండెను. అంతటి రాష్ట్రమే ఇంత పద్ధతి పాటించినప్పుడు మన హైస్కూలు ఎంత? విదేశమునకు ధనము పంపుటకు 1999 నాటి విదేశమారక ద్రవ్య నిర్వహణ చట్టపు నిబంధనలు కలవు. విదేశపు సొమ్ము పుచ్చుకొనుటకు వేరొక చట్టము, 2010 నాటిది, కలదు. ఈ రెంటిని కలిపి గందరగోళపడువారు పెక్కుమంది. బడిపేర పోగైన సొమ్మును ఎవరి ఖాతానుండియైనను నేరుగా విదేశమునకు పంపుట మాని, మన దేశమునందే రిజిస్టరయి, ఆ పనికి విజ్ఞప్తి ప్రకటించిన సంస్థకు రసీదుపై ఇయ్యవలెను. 1920లో చట్టరీత్యా ఏర్పడిన భారత రెడ్‌క్రాస్ సంఘమునకు జిల్లాలలో శాఖలున్నవి. బడులలో జూనియర్ రెడ్‌క్రాస్ కలదు. ఆరోగ్యము, సేవ, అంతర్జాతీయ స్నేహము అని దాని ఆశయములు మూడు. మొదటి రెండును మన బడులలో ఎంతోకొంత జరుగుచున్నవి. మూడవది బోర్డుమీద మాత్రమే యున్నది. సొమ్ము ఇచ్చుటకు ముందే ఆ సంస్థకు ఉత్తరము వ్రాసి, ఈ సొమ్ము ఫలాని దేశపు పిల్లలకే వినియోగింతురా, లేదా సాధారణ నిధిలో కలియునా అని అడిగి, వ్రాతమూలముగా బదులు తెప్పించుకొనవలెను. కలియుననినచో పిల్లలకు ఆ మాటే చెప్పవలెను.

వసూలు చేయు తీరును గూర్చి కొంత నిలిచి చెప్పవలసియున్నది. చందా జాబితాలో పేర్లు, పేర్లకెదురుగా మొత్తములు వ్రాసి ప్రార్థనా సమావేశమున చదువు ఆచారము మన బడులలో చిరకాలమునుండి కలదు. వంద ఇచ్చిన షావుకారు పిల్లవానికి చప్పట్లు, రెండు రూపాయలిచ్చిన పిల్లకు తలవంపు. ఇది మానవలెను. మూత వేసి తాళము వేసిన హుండీ చాలును. పలమనేరు కుమ్మరుల చేతి మట్టిహుండీ యైనచో ఇంకను మంచిది. పగులగొట్టువరకు ఎవరెంత వేసిరో ఎవరికిని తెలియదు. పగులగొట్టు దినము పిల్లలకు పండుగ కూడ.

ఈ సందర్భమున మేము చూచిన ఒక సంగతి చెప్పక తప్పదు. మూడు ఊళ్ళలో ఒకదానిలో, ఊరి పేరు చెప్పము, తరగతిలో చందామాట ఎత్తగా ఏడవ తరగతి బాలిక యొకతె తల వంచుకొనెను. డబ్బులేదేమో యని ఉపాధ్యాయిని మెల్లగా అడిగిరి. డబ్బు సంగతి కాదు. ఆ పిల్ల చెప్పిన మాట ఇది: “మా అమ్మ కువైట్లో వాళ్ళ పిల్లోళ్ళను సాకతా ఉంది టీచర్. నాలుగేండ్లాయె. నేను ఇంగేమియ్యాల?” ఆ ప్రాంతపు తల్లులు ఎందరో అట్లు గల్ఫు దేశములకు ఇంటిపనికి పోయినారు. పరదేశపు బిడ్డలకు ఆ పిల్ల ఇచ్చినంత ఆ బడిలో మరెవ్వరును ఇచ్చియుండరు. మాకు బదులు తోచలేదు. ఉపాధ్యాయిని ఆ పిల్లను ప్రక్కన కూర్చుండబెట్టుకొని పాఠము కొనసాగించిరి. డబ్బా ఆ వరుసకు పంపలేదు. చందా అడుగువాడు ఎదుటి పిల్ల అంతకుముందే ఏమి ఇచ్చియున్నదో ఎరుగడు. అందుచేత ‘తప్పక తేవలెను’ అను మాట ఈ పనిలో ఎప్పుడును వాడరాదు.

పిల్లలు సొమ్ము ఎక్కడ తెత్తురు? తండ్రి జేబునుండి తెచ్చినది తండ్రి చందా యగును. నార్వేలో విద్యార్థులు 1964 నుండి ఒక పద్ధతి పెట్టుకొన్నారు. ఏటికొక దినము బడి మాని, పని చేసి, ఆ కూలిని పరదేశపు విద్యార్థుల చదువునకు ఇత్తురు. మంచి పద్ధతియే. కాని దానిని యథాతథముగ మన ఊళ్ళకు తేరాదు. బడి మాని టమోటా కోతకు, మండీలో బుట్టలు మోయుటకు పోవు పిల్లలు మదనపల్లె చుట్టుపట్ల ఉండగా, ధర్మకార్యము పేరనైనను మనము బడినుండి పిల్లను పనికి పంపుట తగదు. ఇతర మార్గములు కలవు. పాత పత్రికలు పోగుచేసి అమ్మవచ్చును. ఒక వారము బడిముందరి బండిలో బజ్జీలు మాని ఆ డబ్బు వేయవచ్చును. చిన్న నాటకము వేసి ఐదు రూపాయల టిక్కెట్టు పెట్టవచ్చును. బొమ్మలు వేసి అమ్మవచ్చును. ఇందుకు చక్కని పూర్వకథ కలదు. యుద్ధము ముగిసిన పిదప చెకోస్లొవేకియాలో యునిసెఫ్ సహాయము పొందిన ఒక పల్లెలో జిట్కా సాంకోవా అను ఏడేండ్ల పిల్ల కృతజ్ఞతగా ఒక బొమ్మ వేసెను. కాగితము దొరకక గాజు పలకమీద వేసినది. పిల్లలు స్తంభము చుట్టు ఆడుకొనుచున్న ఆ బొమ్మనే 1949లో యునిసెఫ్ తన తొలి శుభాకాంక్షల కార్డుగా అచ్చువేసినది. పుచ్చుకొన్న పిల్ల బొమ్మతో ఆ సంస్థకు ఇచ్చు దారి యొకటి ఏర్పడినది.

ఎంత పోగైనది అను చింత పెట్టుకొనరాదు. 1950లో అమెరికాలోని ఫిలడెల్ఫియా ప్రాంతమున కొందరు పిల్లలు పండుగనాడు ఇల్లిల్లు తిరిగి, మిఠాయిలకు బదులు పాల డబ్బాలలో చిల్లర అడిగి పోగుచేసిరి. యునిసెఫ్‌కు పంపిన మొత్తము పదునేడు డాలర్లు. ఆ పదునేడు డాలర్ల పని తరువాత అమెరికా అంతట వ్యాపించి కోట్ల డాలర్లు తెచ్చినది. మన లెక్క చూతము. నాలుగు వందల మంది పిల్లలున్న బడిలో సగము మంది వారమునకు రెండు రూపాయల చొప్పున ఐదు వారములు వేసినచో రెండువేల రూపాయలు. ఇది తక్కువని సిగ్గుపడి, లోటు పూడ్చుటకు కాంట్రాక్టరు నొకనిని పిలిచి పదివేలు వ్రాయించుకొన్నచో, ఆ బడి పిల్లలకు తాము వేసినది చిల్లర అని నేర్పినట్లే.

లెక్కల విషయమున మాకు సొంత అనుభవమున్నది. 1993 సెప్టెంబరులో మహారాష్ట్రలోని లాతూరు ప్రాంతమున భూకంపము వచ్చినపుడు మేము హైస్కూలులో చదువుచుంటిమి. వారము దినములు సాయంకాలములు ఇల్లిల్లు తిరిగి చందా ఎత్తితిమి. ఒక ముసలమ్మ కొంగుముడి విప్పి రెండు రూపాయల బిళ్ళ ఇచ్చి, “నా పేరు రాయొద్దు, ఆ బిడ్డలకు చేర్చండి చాలు” అనెను. సొమ్మంతయు పెద్దల చేతిలో పెట్టితిమి. పిదప దానిని గూర్చి మాట లేదు. రసీదు చూపలేదు, మొత్తము చెప్పలేదు. నెల తరువాత ఆ ముసలమ్మ వీధిలో కనబడి, “చేరిందా నాయనా?” అని అడిగెను. చేరినదని అబద్ధము చెప్పితిమి. బహుశః నిజముగా చేరియే యుండును. అయినను మాకు తెలియదు గదా! ముప్పది యేండ్లు దాటినను ఆ వీధిలో పోవునపుడు ఆ మాట చెవిలో వినబడుచునే యున్నది.

అందుచేత మా సలహా. హుండీ పెట్టెకు రెండు తాళములుండవలెను. ఒకటి ప్రధానోపాధ్యాయునియొద్ద, రెండవది తలిదండ్రులలో ఒకరియొద్ద. వారమున కొకసారి పిల్లల ఎదుట తెరచి, పిల్లలచేతనే ఎంచించి, అదే దినము నల్లబల్లమీద మొత్తము వ్రాయవలెను. ఫోనుతో చెల్లించువారి కొరకు గోడమీద చదరపు గుర్తు అంటించునపుడు, అది ఉపాధ్యాయుని సొంత ఖాతాది కారాదు. ఆయన ఎంత ఉత్తముడైనను కారాదు. సొమ్ము పంపిన దినమున రసీదు నకలు నోటీసు బోర్డుమీద పెట్టవలెను. లెక్కలు వ్రాయు పని పిల్లలకే ఇచ్చినచో, వారు మనకంటె కఠినముగా వ్రాయుదురు. పుంగనూరులో ఒక బడిపిల్లలు ఊరి డబ్బాకు వచ్చిన సొమ్ములో చెల్లని ఐదు రూపాయల నోటొకటి కనబడగా, దానిని కూడ “చెల్లనిది - 1” అని పుస్తకములో వ్రాసి, పిన్నుతో ఆ పేజీకే గుచ్చి యుంచినారు.

ఎప్పుడు మొదలుపెట్టవలెనని అడిగిన ఉపాధ్యాయులకు నవంబరు 5వ తేదీని సూచించితిమి. అది 1948 నాటి పూల దినము. పధ్నాలుగవ తేదీ వరకు పది దినములు చాలును. అంతకుమించి సాగదీసినచో పిల్లలకు ఉత్సాహము చల్లారును, ఉపాధ్యాయులకు ఇతర పనులు పైబడును. పాత నోటుపుస్తకముల అట్టలతో పూలు కత్తిరించి, పిల్లలే రంగులు వేసి, డబ్బాలో చిల్లర వేసినవారికి చొక్కాకు గుచ్చవచ్చును. మూడు ఊళ్ళవారు కలసి ఒకే దేశమును, ఒకే అవసరమును ఎంచుకొన్నచో ఉత్తరప్రత్యుత్తరములు సులభమగును. మదనపల్లెవారు వేరుసెనగ ముద్దవైపే మొగ్గుచున్నారు. కుప్పమువారు ఇంకను నిర్ణయింపలేదు. అచటి బాలుని రెండు డబ్బాల ప్రతిపాదన మాత్రము నెగ్గినది.

మేము బయలుదేరునపుడు పుంగనూరు ఉపాధ్యాయుడొకరు బస్సు వరకు వచ్చి, “అన్నీ మీరు చెప్పినట్లే చేసినాము, సొమ్ము పంపినాము, రసీదు రాలేదు. అప్పుడు పిల్లలకు ఏమి చెప్పవలెను?” అని అడిగిరి. రాలేదనియే చెప్పవలెను. రెండవ ఉత్తరము పిల్లలచేత వ్రాయించి, దాని నకలును నల్లబల్ల ప్రక్కన అంటించవలెను. పదునైదు దినములకు బదులు రానిచో మూడవ ఉత్తరము. ఆ ఉత్తరములు వ్రాయుటకు చక్కని దస్తూరి గల పిల్ల తమ తరగతిలో ఉన్నదని ఆయన చెప్పుచుండగా బస్సు కదిలినది.